మింగిన మాటల బొగ్గు

ఆదివారం పొద్దున్నే అన్నగారింటికి వెళ్ళడం, పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న పాత కారు మీద గుడ్డ తీయడం, స్టార్ట్ చేసి కాసేపు అలా వదిలేయడం, ఇంజను వెచ్చబడ్డాక ఆపి మళ్ళీ గుడ్డ కప్పడం, ఆ తర్వాత చేతులు కడుక్కుని వదిన వడ్డించిన అన్నం తినడం. పానాకి ఇది ఏళ్ళ తరబడి అలవాటు. పానా అన్నది అతని అసలు పేరు కాదు. ప్యాంటు వెనక జేబులో ఎప్పుడూ నట్లు విప్పే పానా ఒకటి ఉంటుంది కాబట్టి మెకానిక్కుల వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. వదిన కూడా అలాగే పిలుస్తుంది. అన్నయ్య ఒక్కడే "ఒరేయ్" అంటాడు.

పానాకి పెళ్ళి కాలేదు. షాపు వెనక గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు ఉన్నాయి. ఆ స్టవ్వు మీద టీ తప్ప మరొకటి కాగిన పాపాన పోలేదు. రోజూ రాత్రి భోజనం అన్నగారింట్లోనే. అక్కడ అతనికంటూ ఒక కంచం ఉంది. అంచు ఒకచోట నొక్కుకుపోయిన ఆ కంచంలో ఇంకెవరికీ పెట్టరు. లోకంలో తనది అని పానా చెప్పుకోగలిగింది షాపు కాదు, ఆ కంచమే.

కారు మీగడ రంగుది. బానెట్ పొడుగు, డిక్కీ పొట్టి. అన్నయ్య టౌను బస్సు నడిపే రోజుల్లో ముచ్చటపడి కొన్నాడు. రోజంతా పరాయివాళ్ళని తిప్పేవాణ్ణి, నా మనిషిని ఒక్కదాన్నీ తిప్పుకోవద్దా అనేవాడు.

ఆ కాలపు కార్లలో బానెట్ కింద ఒక మూలన నల్లటి డబ్బా ఒకటి ఉంటుంది. చెంబంత ఉంటుంది, లోపలంతా బొగ్గు పలుకులు. ట్యాంకులో పెట్రోలు ఊరికే ఉండదు, వేడికి ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఆవిరి సన్నటి పైపు గుండా వచ్చి ఈ బొగ్గులో ఇంకుతుంది. ఇంజను వెచ్చబడ్డాక ఒక వాల్వు తెరుచుకుంటే, బొగ్గులో దాగిన ఆవిరిని ఇంజను పీల్చుకుని కాల్చేస్తుంది. ఆవిరితో పాటు, కారు దగ్గర మనుషులు మింగేసిన మాటలు కూడా ఆ బొగ్గులోకే చేరతాయి. నోటిదాకా వచ్చి వెనక్కి పోయిన మాట ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. వాల్వు తెరుచుకున్నప్పుడు ఆ మాటలూ కాలతాయి. కాలేటప్పుడు డ్యాష్‌బోర్డు వెనక నుంచి సన్నగా, మాట మింగినవాళ్ళ గొంతుతోనే వినిపిస్తాయి. లెక్కల మాస్టారి కారు వీధి మలుపు తిరిగేదాకా "నాకూ తెలియదు, నాకూ తెలియదు" అని గొణుగుతూ పోతుంది. బట్టల షాపాయన కారు "ఆ రంగు మీకు నప్పలేదమ్మా" అంటుంది. అల్లుళ్ళ కార్లలో రేడియో ఎప్పుడూ గట్టిగా మోగుతుంది. ఎందుకని ఎవరూ అడగరు.

మెకానిక్కుల వీధిలో దీనికో పద్ధతి ఉంది. బొగ్గు మార్చాల్సి వస్తే పాత బొగ్గును ఊరికే పారబోయరు. ముందు ఇంజను స్టార్ట్ చేసి, కారుగల వాళ్ళని లోపల కూర్చోబెట్టి, అద్దాలెత్తి, ఉన్న మాటలన్నీ కాలిపోయేదాకా ఉంచుతారు. ఆ కాసేపూ మెకానిక్కు వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడతాడు. ఒకరు మింగిన మాట ఇంకొకరు వినడమంటే ఎంగిలి తిన్నట్టే. ఇక బొగ్గును మట్టిలో పారబోస్తే అందులోని మాట ఎవరికీ వినపడకుండా నేలలోకి పోతుంది. అలా చేశాడని తెలిస్తే ఆ మెకానిక్కు దగ్గరికి మళ్ళీ ఎవరూ బండి తీసుకురారు.

అన్నగారి కారు మాత్రం మూగది. ఏళ్ళయింది, ఒక్క మాట లేదు.

"మీ ఇంట్లో ఎవరూ ఏదీ మింగరన్నమాట," అనేవాడు పక్క షాపులో టైర్లకు పంక్చర్లు వేసే ఆయన.

"మా ఆవిడని చూశావుగా, ఆవిడ మింగేంత మంచి మాట ఇంకా పుట్టలేదు," అని అన్నయ్య నవ్వేవాడు.

కారు మూగది కాదని పానాకొక్కడికే తెలుసు. వాల్వు నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు పైపులో ఒక పొట్టి బోల్టు దూర్చి, పైన క్లిప్పు బిగించి దాని నోరు నొక్కింది అతనే.

ఆ ఆదివారం పానా గుడ్డ కప్పుతుంటే వదిన కుంటుకుంటూ షెడ్డులోకి వచ్చింది. చీర కొంగులోంచి ఒక కార్డు తీసి అతని ముక్కు ముందు పెట్టింది.

"చూడవయ్యా. ఫొటోలో దొంగలా పడ్డాను గానీ, లైసెన్సు మాత్రం అసలుదే."

పానా కార్డు చూశాడు, వదినను చూశాడు. "ఎప్పుడు నేర్చుకున్నావు వదినా?"

"కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి. రెండు వంకాయలకి అంతసేపు ఏం బేరమాడావే అని మీ అన్నయ్య రోజూ ఒకటే నస."

"మరి కాలు?"

"వంగని కాలే క్లచ్చుకి బాగుంది. సీటు వెనక్కి జరిపి చాచి తన్నడమే. నేర్పించినాయన కూడా ఒప్పుకున్నాడు, మీ అంత గట్టిగా తొక్కేవాళ్ళని చూడలేదండీ అని."

అన్నయ్య వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాడు. వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని పీట మీద, వెన్ను నిటారుగా పెట్టి. ఇంట్లో మంచి కుర్చీలున్నాయి. పగటిపూట వాటిలో ఆయన కూర్చోడు. సోఫా అసలు ముట్టుకోడు. వీపు ఆనితే కన్ను మూతపడుతుందని భయం. రాత్రిళ్ళు కూడా గోడకి దూరంగా, సగం మెలకువలోనే పడుకుంటాడని వదిన చెబుతుంది.

"నేనెక్కను," అన్నాడు అన్నయ్య చిక్కుళ్ళ మీంచి తలెత్తకుండానే.

"ఎక్కకండి. పక్క సీట్లో టిఫిను క్యారియరు పెట్టుకుని పోతాను. అదైతే దారిలో గేరు మార్చు, హారన్ కొట్టు అని చెప్పదు." వదిన పానావైపు తిరిగింది. "సముద్రం చూసి రావాలయ్యా. ఆ రోజు మధ్యలోనే ఆగిపోయాం కదా. ఒకటే చిక్కు. నిన్న అద్దాలు మూసుకుని ఇందులో కాసేపు కూర్చున్నాను, ఊరికే, స్టీరింగు పట్టుకుని. పెట్రోలు కంపు. తల దిమ్మెక్కిపోయింది. అదేమిటో చూడు."

పానా సరేనన్నాడు. ఆ రోజు కంచంలో అన్నం సగం అలాగే ఉండిపోయింది. వదిన రెండుసార్లు అడిగింది. ఆకలి లేదన్నాడు. అది నిజమే.

ఆ రోజు అని వదిన అన్నది చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పుడు వానాకాలం. అన్నా వదినా సముద్రం చూడ్డానికి బయలుదేరుతూ, గాలి చూపించుకుందామని పానా షాపు దగ్గర ఆగారు. పానా టైర్లలో గాలి చూశాడు. అలవాటుగా బానెట్ ఎత్తాడు. కార్బొరేటరు మెరుస్తోంది, స్క్రూల మీద కొత్త గీతలున్నాయి. తను పెట్టిన గీతలు కావు.

"కళ్ళజోడు దగ్గర చేయించాను," అన్నాడు అన్నయ్య మామూలుగా. కళ్ళజోడు అంటే వీధి చివరి మెకానిక్కు.

సొంత తమ్ముడు మెకానిక్కయి ఉండగా, అదే వీధిలో, అందరూ చూస్తుండగా. పానా సంచి పెట్టడానికి డిక్కీ తెరిచాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. ట్యాంకు మీది నుంచి ఆవిరిని ముందుకు తీసుకెళ్ళే రబ్బరు పైపు, జానెడు ముక్క, ఎండిపోయి నిలువునా పగిలి ఉంది. వాన పడుతోంది, అద్దాలు మూసుకుని పోతారు, ఆవిరంతా లోపలికే వస్తుంది. అంతా ఒక్క చూపులో తెలిసింది. చెబుదామని నోరు తెరిచాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంత తెలిసిన కళ్ళజోడే చూసుకుంటాడులే అనుకున్నాడు. డిక్కీ మూసి, "జాగ్రత్త," అన్నాడు. అంతే.

కొండ మలుపు దగ్గర అన్నయ్య కళ్ళు మూతలు పడ్డాయి. కారు రోడ్డు దిగి రాయికి గుద్దుకుంది. అన్నయ్యకి గీత కూడా పడలేదు. వదిన మోకాలు నుజ్జయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన వెంటనే అన్నయ్య డిపోకి వెళ్ళి, నిద్రపోయే డ్రైవరు చేతికి బస్సు ఇవ్వకండి అని తనే చెప్పుకున్నాడు. వద్దన్నా వినలేదు. బస్సుల్లో జనం మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో వేశారు. గొడుగులు, చెప్పులు, ఖాళీ టిఫిను డబ్బాల మధ్య ఆయన వీపు లేని పీట మీద కూర్చుని ఉంటాడు. ఆ తర్వాత ఏ బండి స్టీరింగూ పట్టుకోలేదు.

గుద్దుకున్న కారుని బాగు చేసింది పానాయే. పగిలిన పైపు ముక్క ఎవరికీ చూపించకుండా తీసి పారేసి కొత్తది వేశాడు. ఆ రోజు దారంతా బిగుసుకుపోయి తెరుచుకోని వాల్వుని కదిలించి వదులు చేశాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. వెచ్చబడ్డాక డ్యాష్‌బోర్డు వెనక నుంచి అతని గొంతే, బాగు చేస్తూ మింగిన మాట, "అన్నయ్యా, డిక్కీలో," అని మొదలుపెట్టింది. టక్కున ఆపేశాడు. బోల్టు దూర్చింది అప్పుడే.

సోమవారం కారుని షాపుకి తెచ్చి పని మొదలుపెట్టాడు. పెట్రోలు మూత తిప్పగానే బుస్సుమని గాలి బయటికొచ్చింది, ఎన్నాళ్ళుగానో ఊపిరి బిగబట్టినట్టు. డిక్కీలో పైపు బాగానే ఉంది. వాసన అక్కడిది కాదు. ముందుకొచ్చి బొగ్గుడబ్బా విప్పాడు. పట్టీ ఊడదీసి ఒంటి చేత్తో ఎత్తబోతే రాలేదు. రెండు చేతులూ పెట్టి లేపాల్సి వచ్చింది. అడుగున ఉండే స్పాంజి పొడిపొడిగా రాలింది, పెట్రోలు బొట్లు బొట్లుగా కారింది. ఇంజను పీల్చుకునే దారి లేక బొగ్గు నిండిపోయి, మిగిలిందంతా కిందినుంచి పొంగి, గాలి వచ్చే సందుల్లోంచి లోపలికి పోతోంది. సరిగ్గా ముందు సీట్ల దగ్గరికి. అప్పుడు పగిలిన పైపు చేసిన పనే, ఇప్పుడు అతను దూర్చిన బోల్టు చేస్తోంది. ఈసారి స్టీరింగు ముందు కూర్చునేది వదిన.

పానా చేతిలో డబ్బా పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. ఎందుకింత బరువో అతనికి తెలుసు. ప్రతి ఆదివారం ఈ కారు పక్కనే నిలబడి, ఇవాళ చెప్పేద్దాం అనుకున్నాడు. అన్నయ్య వచ్చి "ఎలా ఉందిరా ఇంజను" అనేవాడు. "బాగుంది" అనేవాడు. బాగుంది అన్న ప్రతిసారీ దాని వెనక ఇంకో మాట గొంతులోకి దిగిపోయింది. దిగింది దిగినట్టు ఇందులో కూర్చుంది.

షాపు వెనక మురిక్కాలవ ఉంది. పక్కన మెత్తటి మట్టి. ఇలాంటి డబ్బాలు కొత్తవి దొరకవు కాబట్టి, అడుగు రేకు కోసి, పాత బొగ్గు తీసి కొత్త పలుకులు నింపి మళ్ళీ అతకడం ఎలాగూ చేయాల్సిన పనే. రేకు కోసి అక్కడ బోర్లిస్తే చాలు. లోపల ఏమీ లేదు, కారు మూగదే అని ఊరంతా ఎప్పుడో ఒప్పుకుంది. అనుమానించే దిక్కు లేదు. రాత్రికి వెళ్ళి తన కంచంలో అన్నం తినొచ్చు.

రంపం తీసుకుని వెనక గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఒరేయ్, తిన్నావా?"

అన్నయ్య. డిపోలో మధ్యాహ్నం విరామానికి నడిచి వచ్చాడు, చేతిలో క్యారియరు. పానా వెనక్కి వచ్చి డబ్బాని బల్ల మీద పెట్టాడు. అన్నయ్య కూర్చోలేదు. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మీ వదిన కూర కొంచెం మాడ్చింది. ఏమనకు. రోడ్డు గుర్తులన్నీ మళ్ళీ బట్టీ పడుతూ పొయ్యి మరిచిపోయింది."

పానా క్యారియరు విప్పి తినసాగాడు. అన్నయ్య కారు లోపలికి తొంగి చూసి తల వెనక్కి తీసుకున్నాడు.

"నాకో సంగతి అర్థం కాదురా," అన్నాడు. "ఆ రోజు నాకు నిద్ర వస్తున్నట్టే తెలియలేదు. ఆవలింత కూడా రాలేదు. ఎన్నేళ్ళు నడిపాను, పొద్దున మొదటి బస్సు, రాత్రి ఆఖరి బస్సు. నిద్ర ఎలా వస్తుందో నాకు తెలియదా? ముందు మెడ మీద చీమ పాకినట్టుంటుంది. అప్పుడే బండి ఆపి మొహం కడుక్కునేవాణ్ణి. ఆ రోజు చీమ రాలేదు. నేరుగా వచ్చేసింది. వచ్చేది తెలిస్తే ఆపుకోనా?"

పానా నోట్లో ముద్ద అలాగే ఉంది. "అన్నయ్యా."

"ఏంటి?"

"కూర బాగానే ఉంది."

బల్ల మీద డబ్బాలో టిక్కుమని చప్పుడైంది, గింజ ఒకటి రాలినట్టు. అన్నయ్య అటు చూశాడు. దగ్గరికి వెళ్ళి డబ్బాని కదిపి చూశాడు, కదల్లేదు.

"ఇది నిండుగా ఉందిరా. మూగది కాదా మన బండి?"

"పైపు పూడుకుపోయింది," అన్నాడు పానా.

అన్నయ్య ఆ డబ్బా మీదికి వంగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మీ వదినవే అయ్యుంటాయి. చూడు, అంత నోరున్న మనిషి, ఇన్నేళ్ళలో ఆ సంగతి మీద నన్ను ఒక్క మాట అనలేదు. కాలు అలా చేశారే అనలేదు. అనాలని ఉండదా? మింగే ఉంటుంది. పాపం, అన్నీ మింగింది." బొటనవేలితో డబ్బా మీద మసి తుడిచాడు. "వినేస్తే బాగుణ్ణు. తిట్టిందనుకో, తిట్టనీ. తిట్టించుకుంటే నాకూ కాస్త తెరిపిగా ఉంటుంది. ఎప్పుడు కాలుస్తావో చెప్పు, ఇద్దరం వస్తాం. పారబొయ్యకు."

క్యారియరు సర్దుకుని వెళ్ళిపోయాడు. నడిచేటప్పుడు కూడా వెన్ను కర్రలా ఉంటుంది. పానా ఆ వెన్ను వీధి చివర దాకా చూశాడు. చూసి రంపాన్ని పాత చోట తగిలించాడు.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున అతను ఎంత శ్రద్ధగా పని చేశాడో వీధిలో అందరూ చూశారు. ట్యాంకు నుంచి ముందుదాకా పైపులన్నీ మార్చాడు. నీళ్ళ పైపు కాదు, పెట్రోలుకి తట్టుకునే దళసరి రబ్బరు. ప్రతి కొసకీ కొత్త క్లిప్పు. పెట్రోలు మూతకి కొత్త వాషరు వేశాడు. వాల్వుని నోట్లో పెట్టుకుని పీల్చి, నాలుక కొసతో మూసి, గాలి నిలుస్తుందో లేదో చూశాడు. నిలవలేదు. పాత సామాను కొట్లన్నీ తిరిగి ఇంకో వాల్వు తెచ్చాడు. అది నిలిచింది. చివర్న బరువైన ఆ డబ్బానే, ఉన్నదాన్ని ఉన్నట్టుగా, దాని చోట్లో కూర్చోబెట్టి పట్టీ బిగించాడు. ఇంజనుకు వెళ్ళే పైపు క్లిప్పు వదులు చేసి పట్టకారుతో లాగితే బోల్టు తుప్పుతో సహా ఊడి అరచేతిలో పడింది. జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. వదిన చెప్పులు విప్పి బూట్లు వేసుకొచ్చింది. క్లచ్చు కోసమట. నిర్ణయం ఏమీ చెప్పకుండానే అన్నయ్య స్టీరింగు వైపు తలుపు ఆమెకి తీసిపట్టాడు. తను పక్క సీట్లో కూర్చున్నాడు, సీటు అంచు మీద, వీపు ఆననివ్వకుండా. అద్దాలు ఎత్తారు. వదిన తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేసింది. పానా గోడవైపు వెళ్ళకుండా వెనక తలుపు తీసి సీట్లో కూర్చున్నాడు.

"పద్ధతి మరిచిపోయావా?" అంది వదిన అద్దంలోంచి చూస్తూ. "పోయి గోడ చూస్తూ నిలబడు. మొగుడూ పెళ్ళాల మాటలు వింటావా?"

"ఇవి నావి వదినా," అన్నాడు పానా.

ఇంజను వెచ్చబడింది. వాల్వు తెరుచుకున్న చప్పుడు సన్నగా వినిపించింది. వెంటనే ఇంజను తడబడింది, కారంతా ఒక్కసారి వణికింది, వెనక గొట్టంలోంచి నల్లటి పొగ లేచింది. పంక్చర్ల ఆయన దగ్గుకుంటూ షాపు తలుపు మూసుకున్నాడు. డ్యాష్‌బోర్డు వెనక నుంచి మాట వచ్చింది. పైన ఉన్నవి ముందు, అడుగున ఉన్నవి తర్వాత.

"అన్నయ్యా, అది నిద్ర కాదు."

నిన్నటి మాట అది. అన్నయ్య మెడ తిప్పలేదు.

"అన్నయ్యా, ఒక మాట చెప్పాలి." "అన్నయ్యా, నువ్వు పీట మీద కూర్చోనక్కర్లేదు." "వదినా, ఆ కాలు నా వల్ల." "అన్నయ్యా, ఇవాళ చెబుతా." "అన్నయ్యా." "అన్నయ్యా, నీ తప్పు కాదు." "అన్నయ్యా."

ఒక్కో ఆదివారానికి ఒక్కోటి. కొన్ని పూర్తి మాటలు, చాలావరకు ఒట్టి పిలుపులు. మొదట్లో వదిన మొహంలో ఉన్న నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. రాను రాను గొంతు వయసు తగ్గుతూ వచ్చింది. బొంగురు తగ్గి గట్టిపడింది. పానా తన పాత గొంతుని తల వంచుకుని విన్నాడు. లేచి తలుపు తీసుకుని పారిపోవడానికి చెయ్యి పిడి మీదికి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి తెచ్చుకుని తొడ కింద పెట్టుకున్నాడు.

తర్వాత ఆడగొంతు ఒకటి వచ్చింది.

"ఏమండీ, కాస్త ఆపండి. నాకు తల తిరుగుతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి."

వదిన చేతులు స్టీరింగు మీద బిగిశాయి. "అది నేనే," అంది. "ఆ మలుపుకి కాస్త ముందు. ఊరు దాటకుండానే అలిసిపోయావా అని ఏడిపిస్తారని అనలేదు. తర్వాత గుర్తే లేదు నాకు."

"నీక్కూడా వచ్చిందా?" అన్నాడు అన్నయ్య.

ఆమె జవాబు చెప్పేలోగా ఆఖరి మాట కాలింది. పడుచు గొంతు, కోపంగా, తొందరగా.

"అన్నయ్యా, డిక్కీలో పైపు పగిలింది. అద్దాలు మూసుకుని పోవద్దు. ఆవిరి లోపలికొస్తుంది, మత్తు కమ్ముతుంది. ఆగు, మార్చి ఇస్తాను."

ఆ తర్వాత ఏమీ లేదు. నల్లపొగ తగ్గింది. ఇంజను తడబాటు మాని సాఫీగా తిరగసాగింది.

అన్నయ్య ముందు అద్దంలోంచి గోడకేసి చూస్తున్నాడు. మెకానిక్కులు నిలబడే గోడ. అక్కడ ఎవరూ లేరు.

"ఎంత పైపు అది?" అన్నాడు.

"జానెడు."

"మార్చడానికి ఎంతసేపు పట్టేది?"

"నువ్వు టీ తాగేంతలో అయిపోయేది."

"ఎందుకు చెప్పలేదు?"

పానాకి ఇన్నేళ్ళూ ఈ ప్రశ్నకి పెద్ద పెద్ద జవాబులు తోచాయి. ఇప్పుడు చూస్తే ఉన్నది ఒక్కటే, అదీ ఎంత చిన్నదో. "కార్బొరేటరు కళ్ళజోడుకిచ్చావు," అన్నాడు.

"వాడు కార్బొరేటరు నీకంటే బాగా చేస్తాడు."

"తెలుసు."

"ఇప్పటికీ అంతే."

"తెలుసన్నయ్యా."

వదిన మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం పానా మొదటిసారి చూశాడు.

"దిగు," అన్నాడు అన్నయ్య. పానా దిగాడు. అన్నయ్య అద్దం సగం దించాడు, అతనివైపు చూడకుండానే. "రాత్రి భోజనానికి రాకు."

పానా తలూపాడు. ఆ మాట కోసమే ఇన్నేళ్ళు భయపడ్డాడు. అది వచ్చేసింది. వెనక జేబులోని పానా తీసి గుడ్డతో తుడిచాడు, తుడవాల్సిన మరకేమీ లేకపోయినా.

వదిన అద్దాలన్నీ పూర్తిగా దించింది. చాచిన కాలితో క్లచ్చు తన్ని గేరు వేసింది. కారు ఒక కుదుపు కుదిపి, షాపు గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళింది. నడిచే మనిషి కంటే మెల్లగా పోతోంది. కొత్త బొగ్గు ఇంకా పోయలేదని పానాకి అప్పుడు గుర్తొచ్చింది. పాతది ఖాళీ అయింది కాబట్టి ఇవాళ్టికి ప్రమాదం లేదు, కానీ చెప్పాలి. ఇంకెప్పుడూ తెలిసింది చెప్పకుండా బండిని వదలకూడదు. పరుగెత్తి కారుని అందుకున్నాడు. వదినవైపు అద్దం అంచు మీద చెయ్యి వేసి పక్కనే నడుస్తూ నోరు తెరవబోయాడు.

వదిన పెదాల మీద వేలు పెట్టింది. కళ్ళతో పక్క సీటు చూపించింది.

అన్నయ్య వీపు సీటుకి ఆనింది. మొదట ఒక భుజం, తర్వాత రెండోది జారినట్టున్నాయి. తల పక్కకి ఒరిగి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చేతులు ఒడిలో వదులుగా పడి ఉన్నాయి. పట్టపగలు, నడిబజార్లో, కదిలే కారులో ఆయన నిద్రపోతున్నాడు.

పంక్చర్ల ఆయన షాపు తలుపు తీసి ఏదో హాస్యమాడబోయాడు. పానా చెయ్యెత్తి ఆపాడు. సైకిలు గంట కొట్టబోయినవాడు కారులోకి చూసి, గంట మీద వేలు తీసేసి పక్కకి తప్పుకున్నాడు. కళ్ళజోడు తన షాపు ముందు గరగరమంటున్న ఇంజనుని ఆపేశాడు. వీధి వీధంతా కాసేపు పని మానింది.

"కొత్త బొగ్గు పోయాలి వదినా," అన్నాడు పానా గుసగుసగా. "ఇవాళ్టికి ఫరవాలేదు. అద్దాలు దించే ఉంచు. రేపు తప్పకుండా పోయాలి."

"ఇలాగే సముద్రం దాకా పోతాను. ఆపితే లేస్తాడు." ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "రేపు వచ్చి పొయ్యి. కంచం కడిగి ఉంచుతాను. ఆయన నీతో మాట్లాడతాడో లేదో నాకు తెలియదు. నేనైతే తిడతాను. ఇవాళ డ్రైవింగులో ఉన్నాను."

వీధి చివర మలుపు వచ్చింది. అక్కడితో చెయ్యి తీసేయాలి. పానా కారు వెనకనుంచి చుట్టి అన్నయ్యవైపు అద్దం దగ్గరికి వచ్చి, వంగి, ఏళ్ళుగా గొంతులో నలిగిన మాటని నోటితోనే అన్నాడు. "అన్నయ్యా, నాది తప్పు."

డబ్బాలో టిక్కుమనలేదు. ఆ మాట లోపలికి పోలేదు, బయటికే వచ్చింది. వినాల్సిన మనిషి మాత్రం సన్నగా గురక పెడుతున్నాడు. లేపితే వింటాడు. పానా లేపలేదు. చెయ్యి తీసేశాడు, కారు మలుపు తిరిగింది. జేబులో తుప్పు బోల్టు తొడకి గుచ్చుకుంటుండగా, ఖాళీ అయిన రోడ్డు పక్కన నిలబడి, ఆ మాట ఆయన మెలకువగా ఉన్నప్పుడు మళ్ళీ ఎలా అనాలో నేర్చుకోసాగాడు.